48 దగ్గర ఆగిపోయాను: ఘాతాంక సమీకరణాలతో నా అనుభవం

పెళ్లయ్యాక పదకొండేళ్లు పుస్తకం ముట్టని నేను, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రెండో పేపర్ కోసం గణితం మళ్లీ మొదలుపెట్టాను. ఘాతాంక సమీకరణాలు, అంటే తెలియని ఎక్స్ ఘాతాంకంగా (సంఖ్య పైన చిన్నగా రాసే చోట; ఇక్కడ ^ గుర్తు తరువాత) ఉండే లెక్కలు, నిన్న రాత్రికి గానీ నాకు లొంగలేదు.

మొదటి రకం లెక్కలు ఇబ్బంది పెట్టలేదు. 8^ఎక్స్ = 32 అంటే రెండింటినీ 2 భూమిగా (ఘాతాంకం కింద ఉండే సంఖ్యగా) మార్చి, 3ఎక్స్ = 5 అని ఘాతాంకాలను సమానం చేస్తే సరిపోతుంది.

కోచింగ్ తరగతిలో 2^ఎక్స్ + 2^(ఎక్స్+1) = 48 అనే లెక్కకు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. భూములు ఒకటే కదా అన్న ధీమాతో ఘాతాంకాలను కూడేసి, 2^(2ఎక్స్+1) = 48 అని రాశాను. 2 ఘాతాల్లో 32 తరువాత వచ్చేది 64. మధ్యలో 48 ఎక్కడా లేదు. సుద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాస్టారు, "ఇది ఏడో తరగతి పాఠమమ్మా, కూర్చోండి" అని, జవాబు 4 అని రాసి తరువాతి లెక్కకు వెళ్లిపోయారు. నలభై మంది ముందు పడ్డ ఆ మాట కన్నా, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. రేపు పిల్లలకు పాఠం చెప్పవలసినవాళ్లకు నేర్పే మనిషి అలా చేయకూడదు.

డబ్బు పోసి కొన్న గైడులోనూ జవాబు తప్ప మెట్లు లేవు; అలాంటి గైడు మీరు కొనకండి. నాలుగో రాత్రి, ఎక్స్ స్థానంలో 3 వేసి చూశాను. అసలు లెక్క ప్రకారం 8 + 16, అంటే 24 వచ్చింది. నేను రాసిన దాని ప్రకారం 2⁷, అంటే 128 వచ్చింది. 128 అనేది 8, 16ల లబ్ధం! ఘాతాంకాలను కూడే న్యాయం గుణకారానిదే గానీ సంకలనానిది కాదని అప్పుడు నా కళ్లకు కనిపించింది. 2^(ఎక్స్+1) అంటే 2^ఎక్స్‌కు రెట్టింపు. దానికి మరో 2^ఎక్స్ కలిస్తే మూడు రెట్లు. మూడు రెట్లు 48 అయితే 2^ఎక్స్ = 16, ఎక్స్ = 4. ఏ న్యాయం మీద అనుమానం వచ్చినా ముందు ఇలా ఒక చిన్న సంఖ్య వేసి చూడండి.

ఆ పట్టు దొరికాక, 9^ఎక్స్ − 8×3^ఎక్స్ − 9 = 0 కూడా ఎవరి సాయమూ లేకుండా చేశాను. 3^ఎక్స్‌ను 'టి' అనుకుంటే అది వర్గ సమీకరణమవుతుంది, మూలాలు 9, −1. ఎక్స్ ఏ వాస్తవ సంఖ్య అయినా 3^ఎక్స్ రుణ సంఖ్య కాదు కాబట్టి −1ని వదిలేయాలి; ఎక్స్ = 2.

గైడులో ఆ రెండు జవాబుల పక్కనున్న ఖాళీలో మెట్లన్నీ పెన్నుతో రాసిపెట్టాను; ఆ పుస్తకం తరువాత ఎవరి చేతికి వెళ్లినా వాళ్లకు కనిపిస్తాయి.