టాంటన్‌లో వికెట్ల వెనక కుర్రాడు

ఇంగ్లండ్‌లో రీడింగ్ నుంచి టాంటన్‌కి రానూపోనూ రైలు టికెట్‌కి పెట్టిన డబ్బుతో మా గుంటూరు నుంచి విశాఖకి ఏసీలో వెళ్లొచ్చి, మిగిలిన దాంతో ఇంటిల్లిపాదీ బిర్యానీ తినొచ్చు. అంత పోసినా సీటు లేదు. దాదాపు సగం దూరం తలుపు దగ్గర ఎవరిదో సైకిల్‌కి ఆనుకుని నిలబడ్డాను. "లార్డ్స్ చూడకుండా ఆ పల్లెటూళ్లో కౌంటీ మ్యాచ్ ఏంటి బావా?" అని మా బావమరిది ముందు రోజు రాత్రి నుంచీ ఒకటే గోల. లండన్ సంగతులు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ నాలుగు రోజుల తిరుగుడూ వదిలేస్తున్నాను.

నేను టాంటన్ వెళ్లింది జేమ్స్ ర్యూ అనే కుర్రాడి కోసం. 2022 ఫిబ్రవరిలో ఆంటిగ్వాలో మనకీ ఇంగ్లండ్‌కీ జరిగిన అండర్-19 ప్రపంచకప్ ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. మన గుంటూరు వాడు షేక్ రషీద్ మన జట్టుకి వైస్ కెప్టెన్. అతను 50 కొట్టిన ఆ రాత్రి మా వీధిలో ఎవరూ పడుకోలేదు. అంతకుముందు ఇంగ్లండ్ బ్యాటింగ్‌లో ఏడు వికెట్లు వందలోపే పడిపోతే, ఒక ఎడమచేతి వాటం పిల్లాడు ఒక్కడే పాతుకుపోయి 95 కొట్టాడు. ఆ రోజు వాడిని తిట్టుకోని వాళ్లు లేరు. సెంచరీకి అయిదు పరుగుల ముందు అవుటైతే మాత్రం ఎందుకో పాపం అనిపించింది. వాడే ఈ ర్యూ. అప్పటి నుంచీ వాడు ఆడే సోమర్సెట్ స్కోర్లు చూడటం నాకు అలవాటైపోయింది. కౌంటీ అంటే అక్కడ జిల్లా లాంటిది, సోమర్సెట్ కౌంటీ జట్టు సొంత గ్రౌండ్ టాంటన్‌లో ఉంది.

టాంటన్ స్టేషన్ నుంచి గ్రౌండ్‌కి నడిచే పోవచ్చు. ఊళ్లో ఎవరిని అడిగినా దారి చెప్తారు. ఒక గేటు మీద వివియన్ రిచర్డ్స్ పేరు, ఒక స్టాండ్ మీద ఇయాన్ బోథమ్ పేరు. మన గవాస్కర్ కూడా 1980లో ఈ కౌంటీకే ఆడాడు. నాకు అన్నిటికంటే వింతగా తోచింది గేటు దగ్గర తనిఖీ. సంచి తెరిచి చూశారు, ఫ్లాస్కూ టిఫిన్ డబ్బా చూసి నవ్వి పంపేశారు. మన దగ్గర నీళ్ల సీసా, జేబులో చిల్లర కూడా లాగేసుకుని, లోపల అవే నీళ్లు రెండింతలకి అమ్మే స్టేడియాలు గుర్తొచ్చి ఒళ్లు మండింది. కానీ లోపల టీ ధర చూశాక ఆ మంట కాస్త చల్లారింది. దోచుకునే పద్ధతి వేరు, అంతే.

జనం మరీ తక్కువేం లేరు, ఎక్కువగా అరవై దాటినవాళ్లు. మన రంజీ మ్యాచ్‌కి ఉప్పల్ వెళ్తే సెక్యూరిటీ వాళ్లని లెక్కేసినా ఇంతమంది కనపడరు. ఎండ ఉన్న వైపు బెంచీ మీద చోటు చూసుకుని కూర్చుంటే, పక్కన ఒక పెద్దాయన ఒళ్లో పుస్తకం పెట్టుకుని ప్రతి బంతీ పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. స్కోర్‌బోర్డు ఎదురుగానే ఉంది కదా అంటే, "దానికి జ్ఞాపకం ఉండదు, నాకు ఉంటుంది" అన్నాడు. ఎక్కడి నుంచి వచ్చావని అడిగాడు. గుంటూరు అంటే తెలియదు గానీ హైదరాబాద్ పేరు ఎత్తగానే పగలబడి నవ్వాడు. సోమర్సెట్ యాపిల్‌తో చేసే సైడర్ అనే మద్యానికి పేరున్న చోటు. టాంటన్ పిచ్ స్పిన్ తిరిగే రోజుల్లో దీన్ని సైడరాబాద్ అని ఎగతాళి చేసేవారట.

ఆయన చెప్పాలని ఎదురుచూస్తున్న కథ 2024 సెప్టెంబర్ నాటిది. సర్రే అనే ఇంకో కౌంటీ జట్టు అప్పటికే వరసగా రెండుసార్లు చాంపియన్. టాంటన్‌లో చివరి రోజు చివరి గంటలో డ్రా ఖాయం అనుకున్నారు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ మైకేల్ వాన్ కొడుకు, సోమర్సెట్ స్పిన్నర్ ఆర్చీకి అప్పుడు 18 ఏళ్లు. ఆ మ్యాచ్‌లో వాడు 11 వికెట్లు తీశాడు. ఇంకో కొస నుంచి సీనియర్ స్పిన్నర్ జాక్ లీచ్. సర్రే 109కే కుప్పకూలింది. ఆఖర్లో పదకొండు మందీ బ్యాట్ చుట్టూ మూగి నిలబడ్డ ఫొటో ఉంటుంది, మీరూ చూసే ఉంటారు. "ఆ ఫొటోలో లేనిది నేనొక్కడినే" అన్నాడు పెద్దాయన. అంత గెలిచినా టైటిల్ మళ్లీ సర్రేకే పోయింది. సోమర్సెట్ ఇంతవరకూ కౌంటీ చాంపియన్‌షిప్ ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ మాట మాత్రం పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పాడు.

నేను వెళ్లిన రోజు సోమర్సెట్ ఫీల్డింగ్. లీచ్ బౌలింగ్, వికెట్ల వెనక ర్యూ. టీవీలో కనపడని సంగతి ఒకటి అక్కడ చూశాను. ప్రతి బంతికీ వాడు చివరిదాకా కిందే కూర్చుంటాడు. బంతి పిచ్ పడ్డాకే లేస్తాడు. బ్యాట్స్‌మన్ ఆడినా, వదిలేసినా, గ్లవ్స్ మాత్రం అక్కడే సిద్ధంగా ఉంటాయి. మా కాలేజీ కీపర్ బంతి చెయ్యి దాటకముందే కోతిలా ఎగిరేవాడు, వాడిని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టాలి అనిపించింది. అరుపులు తక్కువ. మధ్యలో లీచ్ దగ్గరికి వెళ్లి ఏదో చెప్పి వస్తాడు, వయసులో దాదాపు పన్నెండేళ్లు పెద్దవాడికి. లీచ్ తల ఊపుతాడు.

ఇక్కడ నా కోపం ఒకటుంది. 2025 ఎండాకాలానికల్లా ర్యూ పది ఫస్ట్‌క్లాస్ సెంచరీలు, అంటే రోజుల తరబడి సాగే పెద్ద మ్యాచ్‌ల్లో సెంచరీలు, పూర్తి చేశాడు. పాతకాలపు బ్యాటర్ డెనిస్ కాంప్టన్ తర్వాత ఇంత చిన్న వయసులో అన్ని కొట్టిన ఇంగ్లండ్ వాడు లేడు. ఆ మే నెలలో ఇంగ్లండ్ జట్టులోని జోర్డన్ కాక్స్‌కి దెబ్బ తగిలితే ర్యూని జింబాబ్వే టెస్టుకి పిలిచారు, తుది జట్టులో మాత్రం ఆడించలేదు. అదే ఆంటిగ్వా ఫైనల్లో తొందరగా అవుటైన జేకబ్ బెతెల్‌ని చూడండి. ఒక్క ఫస్ట్‌క్లాస్ సెంచరీ లేకుండానే 2024లో టెస్ట్ ఆడించారు. ఆ అండర్-19 ఇంగ్లండ్ జట్టు లెగ్ స్పిన్నర్ రెహాన్ అహ్మద్ 2022 డిసెంబర్‌లోనే, 18 ఏళ్లకే కరాచీలో టెస్ట్ ఆడి, ఒక ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు తీశాడు. అప్పట్లో సోమర్సెట్‌కి ఆడిన స్పిన్నర్ షోయబ్ బషీర్, ఆరు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లతో 2024లో మన దేశం వచ్చాడు. వీసా ఆలస్యమై హైదరాబాద్ టెస్ట్ పోగొట్టుకుని, విశాఖలో ఆడి మొదటి వికెట్‌గా రోహిత్ శర్మని తీశాడు.

వాళ్లకి అర్హత లేదని కాదు. బషీర్ పొడవు, బంతి ఎగిరే తీరు చూసి సెలెక్టర్లు పందెం కాశారు, అది కొంత పండింది కూడా. కానీ మరి నాలుగు రోజుల మ్యాచ్‌ల్లో ఏళ్ల తరబడి పరుగులు చేసేవాడు ఎవరికోసం చేస్తున్నట్టు? పెద్దాయనతో ఇదే అంటే ఆయన నాకంటే నిదానంగా ఉన్నాడు. ఇంగ్లండ్ కీపింగ్ జేమీ స్మిత్‌ది, వాడు బాగానే ఆడుతున్నాడు, ఒక సీటుకి ఇద్దరు కూర్చోలేరు అన్నాడు. ఆయన భయం వేరు. జాస్ బట్లర్ కూడా ఇక్కడి పిల్లాడే, కీపింగ్ దక్కడం లేదని లాంకషైర్‌కి వెళ్లిపోయాడు. "వీడు వెళ్లకుండా ఉంటే చాలు. ఇంగ్లండ్ సంగతి ఇంగ్లండ్ చూసుకుంటుంది."

అప్పుడు రషీద్ గురించి చెప్పాను. అదే ఫైనల్, అదే వయసు. 2024 నవంబర్‌లో ఆంధ్ర తరఫున హైదరాబాద్ మీద 203 కొట్టాడు. మా వైపు సగం మందికి అది తెలియదు. 2025లో చెన్నైకి ఐపీఎల్‌లో కొద్ది పరుగులు చేయగానే మాత్రం అందరికీ తెలిసిపోయాడు. పెద్దాయన దానికి ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇక్కడా ఆగస్టులో హండ్రెడ్ అనే వంద బంతుల టోర్నీ కోసం చాంపియన్‌షిప్ ఆపేస్తారట, ఎండ బాగా కాసే నెలలోనే. ఏప్రిల్ చలిలో, సెప్టెంబర్ చినుకుల్లో ఆడిన పరుగులకి లెక్క ఎవరు చూస్తారు అని గొణిగాడు.

టీ తర్వాత ఆ చినుకులే వచ్చాయి. కవర్లు కప్పేశారు. సగం మంది కదల్లేదు, గొడుగులు తెరిచి శాండ్‌విచ్‌లు తీశారు. వర్షం ఆగుతుందో లేదో తేల్చడానికి అంపైర్లు మూడుసార్లు గొడుగులేసుకుని వచ్చారు. మన దగ్గరైతే ఈపాటికి కుర్చీలు గాల్లో లేచేవి. రెయిలింగ్ దగ్గర పిల్లలు అయిదారుగురు టోపీలు చాపి నిలబడితే ర్యూ ఆగి సంతకాలు పెట్టాడు. నేనూ వెళ్లాను గానీ, నా వయసువాడు వరసలో నిలబడితే బాగుండదని పక్కనే నిలబడి చూశాను. దగ్గరి నుంచి చూస్తే మరీ పిల్లాడు.

ఆట రద్దు అన్నారు. తిరుగు రైలు అరగంట ఆలస్యం. ఇంటికొచ్చేసరికి బావమరిది భోజనం కూడా చేయకుండా ఎదురుచూస్తున్నాడు, మ్యాచ్ గురించి అడగడానికి కాదు, టికెట్‌కి ఎంతయిందో అడగడానికి. చెప్పాను. "ఆ డబ్బుతో లార్డ్స్ టూర్ అయిపోయేది కదా బావా" అన్నాడు. టూర్‌లో ఖాళీ బాల్కనీ చూపిస్తారు. మళ్లీ వస్తే ఏప్రిల్‌లో వస్తానని చెప్పాను, స్వెటర్ అరువిమ్మని కూడా అడిగాను.