ఉత్తమ సిద్ధాంత గ్రంథం ఏది? నెల్లూరు నుంచి ఒక అభిప్రాయం

రాజ్యాంగ చట్టంలోనూ పరిపాలనా చట్టంలోనూ వచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో ఉత్తమమైనదాన్ని ఎంపిక చేసి బహుమతి ఇవ్వదలిచామని, చదివి అభిప్రాయం చెప్పమని ఈ ఏడాది ఒక విద్యాసంస్థ వారు అడిగితే సరేనన్నాను. నెల్లూరులో చాలాకాలం న్యాయశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక అడిగి ఉంటారు. వచ్చినవాటిలో రాత బాగున్నవి ఉన్నాయి, తీర్పుల ఉల్లేఖనలతో కిక్కిరిసినవీ ఉన్నాయి. కానీ ప్రభుత్వాధికారం పౌరుడికి నిజంగా ఎదురుపడే తహసీల్దారు కార్యాలయం, సబ్‌రిజిస్ట్రారు కౌంటరు, ఎక్సైజు స్టేషను మాత్రం ఒక్క గ్రంథంలో తప్ప ఎక్కడా కనబడలేదు. పబ్లిక్ లా, అంటే ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య నడిచే చట్టాల పరిశోధనకు బహుమతి ఇచ్చేటప్పుడు మొట్టమొదట చూడవలసింది అదేనని నా అభిప్రాయం.

మన పరిశోధకులు తరచుగా ఎత్తి రాసే సుప్రీంకోర్టు తీర్పుల్లో 1996 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ మెక్‌డోవెల్ కంపెనీ ఒకటి. శాసనసభ చేసిన చట్టాన్ని కొట్టివేయాలంటే ఆ చట్టం చేసే అధికారం సభకు లేకపోయి ఉండాలి, లేదా అది ప్రాథమిక హక్కులకో రాజ్యాంగంలోని మరో నిబంధనకో విరుద్ధమై ఉండాలి తప్ప, అసమంజసంగా ఉందన్న ఒక్క మాటతో కొట్టివేయడం కుదరదని జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అందులో రాశారు. 2017లో ముమ్మారు తలాక్‌పై వచ్చిన షాయరా బానో తీర్పులో జస్టిస్ నారిమన్ ఆ సూత్రం చెల్లదన్నారు. ఈ రెండింటి నడుమ నడిచిన వాదన మీద అధ్యాయాలకు అధ్యాయాలు రాస్తారు, రాయవలసిందే కూడా. అయితే మెక్‌డోవెల్ కేసులో మద్యం కంపెనీలు సవాలు చేసిన చట్టం ఏది? 1995 నాటి ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధ చట్టం. దాని పుట్టుక కోసం హైదరాబాదు దాకా పోనక్కరలేదు, మా నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంటకు వెళితే చాలు.

అక్కడ అక్షరాస్యతా తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాల వేలంపాటలు జరగనివ్వకుండా అడ్డుపడ్డారు; 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగిపోయింది; 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఇదంతా ఉద్యమ చరిత్రగా చాలామంది రాశారు గానీ న్యాయశాస్త్రంగా రాసినవారు నా ఎరుకలో తక్కువ. మద్యాన్ని నిషేధించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాల్లో ఒకటైన 47వ అధికరణం చెబుతుంది, ఆదేశిక సూత్రాలను కోర్టు ద్వారా అమలు చేయించుకోలేరని 37వ అధికరణం చెబుతుంది. కోర్టు గుమ్మం ఎక్కకుండానే ఆ ఆదేశిక సూత్రాన్ని అమలు చేయించిన పల్లె ఆడవాళ్ళ గురించి రాజ్యాంగ పరిశోధన ఏమంటుంది? వేలంపాట ప్రకటన ఏ నిబంధన కింద ఇచ్చారు, ఏ అధికారంతో వాయిదా వేశారు, ఆ ఉత్తర్వుల్లో కారణంగా ఏం రాశారు అన్నవి దస్త్రాల్లో వెతకవలసిన సంగతులు. వాటిని పట్టించుకోని మెక్‌డోవెల్ అధ్యాయం ఎంత చక్కగా ఉన్నా నాకు సగమే అనిపిస్తుంది.

ఇందాక ఒక్కటి తప్ప అన్నాను కదా, ఆ గ్రంథం చుక్కల భూముల మీద వచ్చింది. రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే మనవాళ్ళు ఆర్‌ఎస్‌ఆర్ అనేది, తెరిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు అన్నీ ఉంటాయి. పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో మాత్రం కొన్ని నంబర్లకు వరసగా చుక్కలుంటాయి. హక్కుదారు ఎవరో తేలనప్పుడు ఆనాటి సిబ్బంది అలా వదిలేశారు. తరవాత ఆ భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింద, రిజిస్టరు చేయకూడని ఆస్తుల నిషేధ జాబితాకు ఎక్కేసరికి, తాతల నాటి నుంచి దున్నుకుంటున్న రైతు పిల్ల పెళ్ళికి ఎకరం అమ్ముకుందామన్నా దస్తావేజు పుట్టని పరిస్థితి వచ్చింది. దీనికోసమే 2017లో ప్రత్యేక చట్టం చేశారు, 2023 మే నెలలో కావలిలో అప్పటి ముఖ్యమంత్రి సభ పెట్టి భూములను ఆ జాబితా నుంచి తొలగించే కార్యక్రమం జరిపారు.

చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసివేయరాదని 300ఏ అధికరణం అంటుంది. ఇక్కడ భూమిని ఎవరూ తీసుకోలేదు, రైతు చేలోనే ఉన్నాడు, అయినా అమ్మే హక్కు లేదు. దీన్ని ఆస్తి తీసివేయడం అనవచ్చునా, జాబితాలో చేర్చేముందు నోటీసు ఇవ్వనక్కరలేదా అని ఆ పరిశోధకుడు ప్రకాశం జిల్లా పడమటి గ్రామాల దస్త్రాలు చూసి, రిట్ పిటిషన్లు చదివి, రైతులను అడిగి రాశాడు. ఇంగ్లీషు అక్కడక్కడా తడబడింది, అధస్సూచికలు (ఫుట్‌నోట్లు) ఒక పద్ధతిలో లేవు. నాతోపాటు చదివిన ఒక పెద్దాయన ఆ కారణంగానే దాన్ని మూడో స్థానానికి నెట్టారు.

ఇలాంటి పనికి పడే పాట్లు ముద్రిత ప్రతిలో కనిపించవు. 2021 ఆగస్టులో జీవోలను అలవాటైన వెబ్‌సైటులో పెట్టడం ప్రభుత్వం ఆపేసింది, 2024లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ నడిమి కాలం మీద పని చేసేవాడు ఒక్కో ఉత్తర్వు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకుని కాళ్ళరిగేలా తిరగాలి. సుప్రీంకోర్టు తీర్పులైతే కుర్చీలోంచి లేవకుండానే దొరుకుతాయి. ఇద్దరినీ ఒకే కొలతతో కొలిస్తే ఎవరు నెగ్గుతారో వేరే చెప్పాలా?

బహుమతులు అసలే తక్కువ. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఏటా 10 మందికి ఇవ్వదలచిన పీహెచ్‌డీ ఎక్సలెన్స్ సైటేషన్‌లో ఐదు విభాగాలున్నాయి, న్యాయశాస్త్రానికంటూ వేరే విభాగం లేదు. ఫ్రాన్సులో చట్టాల రాజ్యాంగబద్ధతను తేల్చే రాజ్యాంగ మండలే ఉత్తమ సిద్ధాంత గ్రంథానికి బహుమతి ఇస్తుంది. మన హైకోర్టులు అలాంటి పనికి పూనుకుంటే బాగుండునని నా ఆశ, అది ఇప్పట్లో జరిగేది కాదనుకోండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథాన్ని కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి, వైవా, అంటే మౌఖిక పరీక్ష, బహిరంగంగా జరగాలి, ఎలక్ట్రానిక్ ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు వెళ్ళాలి. గ్రంథం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఎవరికైనా దొరుకుతుంది గానీ, పరీక్షకులు ఏమన్నారో, వారి ప్రశ్నలకు అభ్యర్థి ఏం జవాబిచ్చాడో ఎంపిక చేసేవారి ముందుకు రాదు. అందుకని ఆ నివేదికల నకళ్ళు కూడా పంపమని, క్షేత్రంలో సేకరించిన దస్త్రాల జాబితాను అనుబంధంగా అడగమని, భాషకూ అధస్సూచికలకూ వేసే మార్కులు తగ్గించి మూలాధారాలకు పెంచమని నిర్వాహకులకు రాశాను. చుక్కల భూముల గ్రంథానికి మొదటి స్థానం ఎందుకు ఇచ్చానో రెండు పేజీల్లో వివరించి జతచేశాను. పెద్దాయన తన అభిప్రాయం మార్చుకోలేదు, తుది సమావేశం ఇంకా జరగవలసి ఉంది.