తాతయ్య పేరున గిరి ప్రదక్షిణ

తాతయ్య సంవత్సరీకం అయ్యేదాకా కొండకి వెళ్లకూడదన్నారు పెద్దవాళ్లు. అది పూర్తయ్యాక వచ్చిన ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు బాబాయీ నేనూ సింహాచలం గిరి ప్రదక్షిణకి బయల్దేరాం. తాతయ్య ఒళ్లు సహకరించినన్నాళ్లూ ఏటా తిరిగిన 32 కిలోమీటర్లు.

కొండ కింద తొలిమెట్టు అయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం వైపు నడక మొదలుపెట్టాం. ముడసర్లోవ, హనుమంతవాక దాటి జోడుగుళ్లపాలెంలో సముద్రస్నానం చేశాం. దారి పొడవునా మజ్జిగ, పులిహోర పంచేవాళ్లే. ఎవరో తెలియని మనుషులు "తీసుకోండమ్మా" అని చేతిలో పెడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. తాతయ్య కూడా రిటైరయ్యాక కొన్నేళ్లు ఇసుకతోటలో నీళ్లిస్తూ నిలబడేవారు.

ఆయన క్రైమ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఇంట్లో కేసుల గురించి పెద్దగా చెప్పేవారు కాదు. సీతమ్మధార దాటాక బాబాయి చెప్పడం మొదలుపెట్టాడు.

"సాక్షిని మీ తాతయ్య ఎప్పుడూ 'టైమెంత?' అని అడిగేవారు కాదు అమ్మలూ. భయంలో ఉన్నవాళ్లు గడియారం చూస్తారా? 'అప్పటికి కుళాయి వచ్చిందా? స్టీల్‌ప్లాంట్ షిఫ్టు బస్సు వెళ్లిపోయిందా?' అనేవారు. వాళ్లకి అన్నీ అవే గుర్తొచ్చేవి."

వాంగ్మూలం రాసుకున్నాక నిదానంగా చదివి వినిపించేవారట. 2024 దాకా అమల్లో ఉన్న నేర విచారణ చట్టం సీఆర్పీసీలోని 161 సెక్షన్ కింద పోలీసులకిచ్చిన వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదన్నది రూలు. అందుకే, వాళ్లు చెప్పని మాట ఒక్కటి కూడా అందులో చేరకూడదని ఆయన పట్టుదల. కేసు డైరీ కూడా అంతే. ఏ రోజుది ఆ రోజే, ఎంత రాత్రైనా సరే. పెళ్లైన కొత్తలో అన్నం చల్లారిపోతోందని నానమ్మ పోట్లాడేదట.

మాధవధార దగ్గరికొచ్చేసరికి బాబాయి నడక నెమ్మదించింది. ఆ పక్క వీధుల్లోనే ఒకామె పుస్తెలతాడు ఎవరో తెంపుకుపోయారు. దొంగ దొరికాడు, తాడూ దొరికింది. కానీ దొరికిన సొత్తుని అక్కడికక్కడే చేతికివ్వడం కుదరదు. కోర్టుకి చేరాలి, పిటిషన్ వేసుకుంటే కోర్టు ఆర్డరిస్తుంది. ఆమెకి చదువు రాదు. తాతయ్య సెలవు పెట్టుకుని ఆమెని వకీలు దగ్గరికి తీసుకెళ్లి, అదే సీఆర్పీసీలోని 457 సెక్షన్ కింద పిటిషన్ వేయించారు. తాడు చేతికొచ్చాక ఆమె దాన్ని కళ్లకద్దుకుని, అక్కడే కోర్టు మెట్ల మీద కూర్చుండిపోయిందట. ఆమె లేచేదాకా తాతయ్య పక్కనే నిలబడ్డారు. బాబాయి అప్పుడు స్కూలు పిల్లాడు, ఆ రోజు వెంట ఉన్నాడు.

దొంగని పట్టడం వరకే ఉద్యోగం. మిగిలినదంతా ఆయన మనసు. పోలీసాయన కదా, కఠినంగా ఉండేవారేమో అని నన్నడిగేవాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక నా పిక్కలు పట్టేశాయి. గోపాలపట్నంలో ఎవరో అరుగు మీద కూర్చోబెట్టి నూనె రాశారు. ప్రహ్లాదపురం మీదుగా తొలిపావంచా చేరేసరికి తెల్లారింది. పౌర్ణమినాడు స్వామికి చివరి విడత చందనం సమర్పిస్తారు కనుక పైన జనం విపరీతంగా ఉన్నారు. కిందనుంచే దణ్ణం పెట్టుకున్నాం. రద్దీ తగ్గాక నానమ్మని తీసుకెళ్తాం. గుళ్లోని కప్పస్తంభాన్ని తాతయ్య పేరు చెప్పుకుని కౌగిలించుకోవాలట ఆవిడకి.