ఒడ్డున ఉన్న నావలో ఒక రోజు

మే 18, అంతర్వేది పల్లిపాలెం

వేట నిషేధం మొదలై నెల దాటింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులూ నావ ఒడ్డునే. ఊరంతా వలలు బాగుచేసుకుంటుంటే నేనూ నాన్నా బాబాయీ పొద్దున్న ఆరింటికే నావలోకి దిగి పాత కరెంటు వైర్లు పీకడం మొదలెట్టాం.

మాది తెరచాప నావ. వెనక చిన్న డీజిల్ ఇంజన్ ఉంది గానీ గాలి వాటంగా ఉన్నంతసేపూ నాన్న దాన్ని ముట్టుకోనివ్వడు. ఇంజన్ ఆగితే, దాంతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరూ ఆగుతుంది. ఇక తెల్లారేదాకా జీపీఎస్, వీహెచ్‌ఎఫ్ రేడియో, నీటి లోతు చూపే సౌండర్, లైట్లు అన్నీ బ్యాటరీ మీదే నడవాలి. అన్నీ కలిపి మూడు ఆంప్స్ కరెంటు లాగుతాయి. పన్నెండు గంటలకి 36 ఆంపియర్ అవర్లు.

మాఘంలో, స్వామి కల్యాణం అయిన వారం, తెల్లారగట్ల మూడింటికి జీపీఎస్ తెర ఆరిపోయింది. కాసేపటికి లైటూ పోయింది. చుట్టూ మంచు. ఎక్కడో మరబోటు చప్పుడు, ఎటునుంచో తెలియడం లేదు. నాన్న చేతి టార్చి తీసి వెలుగు తెరచాప మీదకి కొట్టాడు, ఎదుటివాడికి తెల్లగా కనపడాలని. అలా గంటన్నర కూర్చున్నాడు, చెయ్యి మార్చుకుంటూ. ఆ చెయ్యి వణకడం చూశాక ఈ పని ఇంక వాయిదా వెయ్యకూడదనుకున్నాను.

తప్పు బ్యాటరీదేనని అప్పటిదాకా నా నమ్మకం. ముందటేడు ఒకటి మార్చాం కూడా. పోయిన వారం మీటరు పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఇంజన్ నడుస్తుండగా ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 13.1. ఇంజన్ వెనక, బ్యాటరీ ముందు గదిలో. మధ్య ఏడు మీటర్లు, పోను రాను పద్నాలుగు. వేసింది ఇంటి స్విచ్చిబోర్డుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. పది ఆంప్స్ పారితే ఒక వోల్టు దారిలోనే వేడై పోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే 14.4 దాకా అందాలి. మాది రెండేళ్లూ అర్ధాకలితోనే ఉంది. అలా ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోయి, తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పట్టుకోదు.

పీకిన వైరు కొస కోసి చూశాను. రాగి ఎర్రగా లేదు, నల్లగా మసిబారి ఉంది. ఇంకాస్త కోశాను, అక్కడా అంతే. జానెడు లోపలికి పోయాకే ఎరుపు కనపడింది. చివర, వైరుని బ్యాటరీకి బిగించే లగ్గు దగ్గర పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఉప్పునీరు పోగుల మధ్య నుంచి పాకుతూ అంత దూరం వెళ్లిందన్నమాట.

కొత్తది తగరం పూత వేసిన రాగి, పది చదరపు మిల్లీమీటర్లది. మొన్న సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్లాను, దొరకలేదు. కాకినాడ నుంచి తెప్పించాం. ఖరీదెక్కువే. అయినా డబ్బులు తక్కువైతే సోలార్ ప్యానెల్ చిన్నది కొనండి గానీ వైరు దగ్గర వెనకాడొద్దని నేను ఎవరికైనా చెబుతాను.

కొత్త బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేటు, 100 ఆంపియర్ అవర్లు. పాతదాన్ని ఇద్దరం పట్టి దింపాం, దగ్గర దగ్గర ముప్పై కిలోలు. కొత్తదాన్ని నాన్న ఒంటి చేత్తో లేపి, "ఏరా, ఇందులో సరుకుందా?" అన్నాడు. పాతదాంట్లో సగం మించి వాడితే దానికే చేటు, ఇందులో ఎనభై శాతం దాకా వాడుకోవచ్చని చెప్పాను. నమ్మినట్టు లేడు.

లిథియాన్ని నేరుగా ఆల్టర్నేటర్‌కి తగిలించలేదు. ఆల్టర్నేటర్ ఇచ్చినంతా అది లాగేసుకుంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఫ్యాన్ గాలి చాలక ఆల్టర్నేటర్‌లోని రాగి చుట్టలు మాడిపోతాయి. అందుకని ఇంజన్ స్టార్టింగుకి పాత రకం బ్యాటరీనే ఆల్టర్నేటర్‌కి ఉంచి, దాన్నుంచి దీనికి మధ్యలో 20 ఆంప్స్ డీసీ ఛార్జర్ పెట్టాం. ప్రతి బ్యాటరీ మొదట్లోనే ఒక ఫ్యూజు.

మధ్యాహ్నం అమ్మ తాటిముంజలు తెచ్చింది. తిని, గది కప్పు మీద రెండు వంద వాట్ల ప్యానెళ్లు బిగించాం. బాబాయి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలుపుదామన్నాడు. ఇంటి మీదైతే ఆయన మాట సరైనదే. కానీ మాకు తెరచాప ఉంది, దాని నీడ ఉంది. సరే చూద్దామని సిరీస్‌లో కలిపి, నాన్న భుజం మీది తువ్వాలు తీసి ఒక ప్యానెల్ మీద పరిచాం. పదకొండు చూపిస్తున్న ఆంప్స్ మూడుకి పడిపోయాయి. విప్పి పారలల్‌లో, అంటే పక్కపక్కన దేనికదిగా, కలిపి మళ్లీ పరిస్తే అయిదు దగ్గర ఆగాయి. "ఆయ్, ఇదే ఉంచండి" అన్నాడు బాబాయి. పారలల్ అంటే ఆంప్స్ ఎక్కువ, కాబట్టి అక్కడా లావు వైరే లాగాల్సి వచ్చింది.

చీకటి పడ్డాక అన్నీ వేసి చూశాం. బ్యాటరీ దగ్గర 13.3 వోల్టులు. నాన్న లైటు ఆర్పనివ్వలేదు, తెల్లారేదాకా వెలగనీ, పొద్దున్న ఎంతుందో చూద్దామన్నాడు. సాయంత్రం తిరుగు దారిలో, పడమటెండలో, తెరచాప నీడ ఎంత మేర పడుతుందో మాత్రం నీళ్లలోకి దిగితే గానీ తేలదు. దానికింకా 27 రోజులుంది. ఇంట్లోంచి చూస్తే నావ మీది లైటు కనపడుతోంది.