2100 దాకా చదువుల లెక్క

వియన్నాలోని విట్‌గెన్‌స్టైన్ సెంటర్ (జనాభా, చదువుల మీద పరిశోధన చేసే సంస్థ) వాళ్ల ప్రొజెక్షన్లు చూస్తూ కూర్చున్నా రాత్రంతా, యూత్ సగటున ఎన్నేళ్లు చదువుతారో దేశాలవారీగా 2100 దాకా లెక్కగట్టారు. అంత దూరం ఎలా చెప్తారబ్బా అనుకున్నా కానీ లాజిక్ సింపులే, 2025లో 25 ఏళ్లున్న మనిషి ఎనిమిదేళ్ల చదువుతో ఆపేసి ఉంటే 2075లో 75 ఏళ్లప్పుడూ చాలావరకు అదే చదువు, అందుకే ముందు 20-24 వయసు గీత లేస్తుంది, పెద్దవాళ్ల సగటు దశాబ్దాలు పోయాక గానీ దాన్ని అందుకోదు.

నన్ను పట్టేసింది మాత్రం ఎస్ఎస్‌పీ1, ఎస్ఎస్‌పీ3 అని వాళ్లు లెక్కకు తీసుకున్న రెండు భవిష్యత్తు ఊహల (సినారియోల) మధ్య గ్యాప్. దేశం అదే, ఒకదాంట్లో చదువు దూసుకెళ్తుంది, ఇంకోదాంట్లో దాదాపు ఆగిపోతుంది. ఇంకోటి, సగటు 8 అంటే అందరూ ఎనిమిదేళ్లు చదివారని కాదు, సగం మంది 16 ఏళ్లు చదివి మిగతా సగం బడి మొహమే చూడకపోయినా వచ్చేది 8యే! బడ్జెట్లు రాసేవాళ్లు ఆ రెండో సగాన్ని విడిగా చూడాలి ప్లీజ్.