నాయిన వేలు చూపించిన చోటు

నాయిన పోయిన రెండేళ్లకు, పోయిన సంక్రాంతికి ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది ఆల్బమ్ దించాను. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం లోడు ఎత్తుకుని కాకినాడ రేవు, బొంబాయి, మద్రాసు దాకా లారీ నడిపిన మనిషి ఆయన. ఎక్కడ నీళ్లు కనబడితే అక్కడ నిలబడి ఫోటో దిగేవాడు. మొత్తం 83 ఫోటోలు. ఒక్కదాని వెనక కూడా అక్షరం ముక్క లేదు.

మొదట పది ఫోటోలు ఒక షాపులో ఇచ్చాను. తక్కువ సైజులో స్కాన్ చేసి, అంచులు కోసేసి ఇచ్చారు. ఒకదాంట్లో అమ్మ భుజమే పోయింది. మిగతావి నేనే చేయాలని కూర్చున్నాను. అది జిగురు పేజీల ఆల్బమ్. ముప్పై ఏళ్లకు ఫోటోలు అట్టకు అంటుకుపోయాయి. గోరుతో లాగితే మొదటిదాని మూల చిరిగింది. ఆ రోజు మళ్లీ ముట్టుకోలేదు. మా వీధిలో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయన ఉపాయం చెప్పాడు. ఫోటో వెనక సన్నని దారం పెట్టి, రంపం కోసినట్టు రెండు చేతులతో అటూ ఇటూ లాగాలి, ఫోటోను వంచకూడదు. ఒక్కోదానికి పది నిమిషాలు పట్టింది కానీ మళ్లీ ఒక్కటీ చిరగలేదు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల వివరంతో స్కాన్ చేసి, వెనక మెత్తటి పెన్సిల్‌తో నంబరు వేశాను. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే గీత ముందువైపు తేలుతుంది.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. ఏ ఊరో, ఏ ఏడాదో అమ్మను అడగాలి. ఏడుస్తుందేమోనని నాకు టెన్షన్. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఐదంటే ఐదు ఫోటోలు ఆమె ముందు పెట్టి, మాటలు ఫోన్లో రికార్డు చేశాను.

ట్యాంక్‌బండ్ ఫోటోలో అక్క అమ్మ ఒళ్లో కూర్చుంది. నాయిన హుస్సేన్‌సాగర్ వైపు వేలు చూపిస్తున్నాడు. అటు నీళ్లు తప్ప ఏమీ లేదు. బుద్ధుడి విగ్రహాన్ని నిలబెట్టింది 1992 డిసెంబరు 1న. అక్క పుట్టింది 1991లో. అంటే ఈ ఫోటో ఆ మధ్యలోది. తేదీ దొరికిందని సంబరంగా ఇంకో ఫోటో చేతిలోకి తీసుకోబోతుంటే అమ్మ ఆపింది.

"ఉత్తగ చూపిస్తలేడు బిడ్డా. అప్పుడు బుద్ధుడు ఆడ నీళ్లల్లనే ఉండె. మన రాయగిరి కాడ చెక్కుతుంటె లారీ ఆపి చూసొచ్చిండు మీ నాయిన. మన రాయి మునిగిపాయెనని ఎన్ని దినాలు బాధపడ్డడో."

1990 మార్చి 10న పడవ మీద తీసుకెళ్తుంటే ఆ విగ్రహం మునిగిందనీ, రెండేళ్లకు పైగా అడుగునే ఉందనీ నాకు తెలుసు. రాయగిరి అప్పటి మా నల్గొండ జిల్లాలోదేనన్నదీ తెలుసు. చిన్నప్పటి నుంచి ఆ ఫోటో చూస్తున్నా ఆ వేలు దేన్ని చూపిస్తోందో మాత్రం ఆ రాత్రే తెలిసింది.

గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు నాయిన ఒక్కడే ఉన్నాడు, మొహంలో నవ్వు లేదు. అక్కడి ఫోటోగ్రాఫరు డబ్బులు తీసుకుని, అడ్రసు రాసుకుని పోస్టులో పంపాడట. రిటర్న్ లోడు దొరక్క నాయిన బొంబాయిలోనే ఆగిపోయాడు. మా ఇంట్లో ఫోను లేదు. ఆయన కన్నా ముందు ఆ కవరు ఇంటికి చేరింది. "కవరు ఇప్పినంక ఆ రాత్రి నిద్రపట్టింది" అంది అమ్మ.

నాగార్జునసాగర్ ఫోటో గురించి కూడా చెప్పాలి. గేట్లు ఎత్తినప్పటిది. 26 గేట్లలో ఎన్ని తెరిచారో లెక్కపెట్టలేనంత తుంపర. పైన ఆకాశంలో గుండ్రటి మసక మచ్చ ఉంటే బూజు అనుకుని కంప్యూటర్‌లో చెరిపేశాను. "ఆ చుక్క ఏది బిడ్డా? తుంపర కెమెరా మీద పడ్డది. నా కొంగుతోనే తుడిచిన" అని వెతుక్కుంది అమ్మ. మళ్లీ అసలు స్కానే పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్లను అడగకుండా పాత ఫోటోల్లో ఏదీ చెరపకండి.

ఇంకా ఏడు ఫోటోలు అమ్మకు తెలియనివి మిగిలాయి. అన్నీ ఏదో రేవులో దిగినవే. వెనక ఓడలు, పక్కన నాయిన భుజం మీద చెయ్యి వేసిన ఒక కుర్రాడు. అతను నాయిన దగ్గర క్లీనర్‌గా ఉండేవాడనీ, ఇప్పుడు హుజూర్‌నగర్ దగ్గర ఉంటున్నాడనీ అమ్మ చెప్పింది. అతనికి ఇప్పుడు చూపు తగ్గిందట. అందుకే ఆ ఏడింటినీ పెద్ద సైజులో ప్రింట్ తీయించాను. ఆదివారం పొద్దున బస్సుకు పోతున్నాను.