టమాటా గుల్లల చౌడర్: దుంప ముందు, టమాటా తర్వాత

పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. టమాటాతో చేసే అమెరికా గుల్లల సూప్ మన్‌హట్టన్ క్లామ్ చౌడర్‌లో బంగాళాదుంప గతీ అంతే. దుంప ముక్కల్ని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. టమాటా, దుంప ఒకేసారి వేస్తే అరగంట మరిగినా ముక్క లోపల పలుకు మిగిలే ఉంటుంది. ఈ సూప్ ఇంట్లో చెడేది ఎక్కువగా ఇక్కడే.

అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ వాళ్లది పాలు, క్రీము పోసే తెల్ల చౌడర్. వాళ్లకి టమాటా అంటే ఎంత మంట అంటే, 1939లో అక్కడి మెయిన్ అనే రాష్ట్రంలో ఒక శాసనసభ్యుడు చౌడర్‌లో టమాటా వేయడాన్ని నిషేధించాలని బిల్లుకే పూనుకున్నాడు. పులుసు తిని పెరిగిన మన నాలుకకి మాత్రం ఎర్రదే నచ్చుతుంది.

గుల్లల సంగతి ముందు తేల్చుకోవాలి. నలుగురికి చిప్పలతో 2 కిలోలు కావాలి. మాంసం 200 గ్రాములకి అటూ ఇటూగా వస్తుంది. చిప్ప మందంగా ఉంటే ఇంకా తక్కువే. విశాఖ దగ్గర భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు నుంచి వచ్చినవి దొరికితే సరే. విశాఖ హార్బర్ కాలువలో, మురుగు గెడ్డలు కలిసే చోట ఏరినవి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. గుల్ల నీళ్లని వడకట్టుకుని బతికే ప్రాణి, ఆ నీళ్లలో ఉన్నదంతా దాని ఒంట్లో చేరుతుంది. ఉప్పునీళ్లలో నానబెడితే ఇసుక పోతుందేమో గానీ సీసం, పాదరసం లాంటివి పోవు.

లీటరు నీళ్లకి 25 గ్రాముల కల్లుప్పు కరిగించండి. వెడల్పు పళ్లెంలో చిల్లుల గిన్నె పెట్టి, అందులో గుల్లలు పరిచి, అవి మునిగీ మునగనట్టు ఆ నీళ్లు పోయండి. పైన గుడ్డ కప్పి 3 గంటలు చల్లని చోట వదిలేయాలి. కాసేపటికి చిప్ప సందులోంచి తెల్లటి చిన్న గొట్టాలు చాచి నీళ్లు చిమ్ముతాయి, గట్టు తడిసిపోతుంది. ఆ గుడ్డ అందుకే. చిల్లుల గిన్నె దేనికంటే, కక్కిన ఇసుక కిందికి జారిపోవాలి, లేకపోతే మళ్లీ అవే పీల్చుకుంటాయి. ఉత్త కుళాయి నీళ్లలో వేస్తే మూతి బిగించుకుంటాయి, ఇసుక వదలవు, ఎక్కువసేపు ఉంచితే చస్తాయి.

తర్వాత ఒక్కొక్కటీ చేత్తో పట్టి రెండు చిప్పల్నీ పక్కలకి తోసి చూడండి. బతికున్నది కదలదు. జారిందంటే లోపల ఉన్నది బురదే, అలాంటిది ఒక్కటి పడినా గిన్నెడు రసం పారబోయాల్సిందే. నోరు తెరిచి ఉండి, తట్టినా మూసుకోనివి కూడా పారేయండి.

2 కప్పుల నీళ్లు మరిగాక గుల్లలు వేసి మూత పెట్టండి. 4 నుంచి 6 నిమిషాల్లో తెరుచుకుంటాయి. తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బయటికి తీయాలి, అన్నీ తెరుచుకునే దాకా ఆగితే మొదటివి రబ్బరవుతాయి. చివరికీ తెరుచుకోనివి చెత్తలోకే. రసం 10 నిమిషాలు కదపకుండా తేరనిచ్చి, పల్చని నూలు గుడ్డలో వడకట్టి, అడుగున మిగిలిన రెండు చెంచాలు వదిలేయండి. ఇసుకంతా అందులోనే ఉంటుంది. నీళ్లు కలిపి రసాన్ని 700 మిల్లీలీటర్లు చేసుకోండి. ఉప్పు మాత్రం ఇప్పుడు వేయొద్దు, గుల్లల రసంలోనే చాలా ఉంటుంది.

అమెరికాలో పంది కొవ్వుతో మొదలుపెడతారు. మనకి 2 చెంచాల వెన్న, ఒక చెంచా నూనె చాలు. పెద్ద ఉల్లిపాయ ఒకటి, క్యారెట్ ఒకటి, సెలెరీ కాడలు 2, వెల్లుల్లి 3 రెబ్బలు, అన్నీ సన్నగా తరిగి సన్నసెగ మీద 8 నిమిషాలు మగ్గించాలి. రంగు మారకూడదు. ఇందులో వేసే సువాసన ఆకు థైమ్ దొరక్కపోతే పావు చెంచా వాము నలిపి వేయండి. రెండింటి ఘాటూ థైమాల్ అనే పదార్థానిదే. అంతకు మించితే వాసన బజ్జీల వైపు వెళ్లిపోతుంది. బిర్యానీ ఆకు అక్కర్లేదు, దాని దాల్చినచెక్క వాసన ఇక్కడ పొసగదు.

ఇప్పుడు 300 గ్రాముల బంగాళాదుంపలు అంగుళంలో సగం ముక్కలు కోసి వేసి, రసం పోసి 12 నిమిషాలు ఉడికించండి. గరిటె అంచుతో నొక్కితే ముక్క చిట్లాలి. నాలుగైదు ముక్కలు గిన్నె పక్కకే మెదిపేస్తే చిక్కదనం వస్తుంది, మైదాతో పనే లేదు.

అప్పుడే టమాటా. 400 గ్రాముల పండినవి వేడినీళ్లలో ముంచి, తొక్క తీసి, తరిగి వేయండి. నాటువైతే 300 గ్రాములు చాలు, పులుపు ఎక్కువ. 15 నిమిషాలు మెల్లగా ఉడకాలి. దించేముందు అర చెంచా మిరియాల పొడి, గుల్లల మాంసం వేసి, పొయ్యి ఆర్పి, మూత పెట్టి 2 నిమిషాలు ఉంచండి. ఆ వేడి చాలు. ఉప్పు ఇప్పుడు రుచి చూసి, కావాలంటేనే.

కరివేపాకు తాలింపు పెట్టాలని చెయ్యి లాగుతుంది. పెడితే అది గుల్లల పులుసు, అన్నంలోకి బాగుంటుంది, చౌడర్ మాత్రం కాదు.

దుంప ఉడక్కముందే టమాటా పడిపోయిందా? గుల్లలు వేయకముందే కుక్కర్‌లోకి మార్చి రెండు విజిల్స్ రానివ్వండి. పులుపు ఎక్కువైతే అర చెంచా పంచదార, కాస్త వెన్న. వంటసోడా మాత్రం వద్దు, రుచి చప్పబడి ముక్కలు పిండైపోతాయి. మర్నాటికి రుచి ఇంకా కలిసొస్తుంది, కానీ గుల్లల మాంసాన్ని కాస్త రసంతో విడిగా ఫ్రిజ్‌లో పెట్టుకుని, వేడిచేశాక కలపండి. నంజుకోడానికి ఉప్పు బిస్కెట్లు.